వదిలేసినట్టు ధ్రువపత్రం

గ్యారిసన్ ఫెర్రీ, ఒహాయో
9 సెప్టెంబరు 2024

మహారాజశ్రీ వెండెల్ విథరో గారి సముఖానికి,

మీ కూతురు టెస్సా రాస్తున్నది. పేరు చటుక్కున తట్టకపోతే కంగారు లేదు, నిదానంగా గుర్తు చేసుకోండి. మీరు ఇల్లు వదిలి వెళ్ళిననాడు నాకు తొమ్మిదేళ్ళు. ఇప్పుడు పంతొమ్మిది. మధ్యలోవి మీకు అవసరం పడలేదు కనక నేనూ ఎత్తడం లేదు.

ఇక్కడ అందరం క్షేమం, అమ్మ తప్ప. అమ్మ పోయి మూడేళ్ళయింది. ఆ కబురు మీకు అందిందని మీ పాత స్నేహితుడు బర్ల్ చెప్పాడు. చిరునామా ఇచ్చిందీ అతనే. అలాస్కాలో ఒక దీవి, వారానికి రెండుసార్లు నీళ్ళ మీద వాలే విమానం, ఫోను పనిచెయ్యదు. దాక్కోవడానికి ఇంతకంటే మంచి చోటు చంద్రమండలంలోనే దొరుకుతుంది. మీ ఎంపికకి అభినందనలు.

బెంగపెట్టుకుని రాస్తున్నానని పొరబడకండి. ఒక ఫారం కోసం రాస్తున్నాను.

మా ఊరి కమ్యూనిటీ కాలేజీలో పళ్ళ డాక్టరు పక్కన ఉండి పళ్ళు శుభ్రం చేసే చదువు ఒకటుంది. రెండేళ్ళు. ఇరవై సీట్లకి నూట నలభై మంది పోటీపడితే నాకు వచ్చింది. ఫీజు ఉంది. ఫీజుని మించి పనిముట్ల పెట్టె ఉంది. నేను పొద్దున్నే పాన్‌కేకుల హోటల్లో బల్లలు తుడుస్తున్నాను. నన్ను మూడేళ్ళుగా తన ఇంట్లో పెట్టుకున్న ఓపల్ పెద్దమ్మ బడి వంటగదిలో పనిచేస్తోంది. మా ఇద్దరి జీతాలూ కలిపితే ఆ పెట్టె మూత వస్తుంది.

సాయానికేం లోటు లేదట. తిరిగి కట్టక్కర్లేని పెల్ గ్రాంటు కేంద్రం ఇస్తుంది. రాష్ట్రం ఇచ్చేది వేరే ఉంది. కాలేజీ లైబ్రరీలోనే పనిచేసి జీతం తీసుకోవచ్చు. అవేవీ చాలకపోతే తక్కువ వడ్డీకి అప్పు. ఇన్ని తలుపులకీ ఒకటే తాళం, ఈ ఫారం. ఇరవై నాలుగేళ్ళు నిండని మనిషికి సొంత బతుకు ఉండదని ప్రభుత్వం నమ్మకం. తల్లో తండ్రో తమ ఆదాయం చూపించి సంతకం పెట్టాలి. అన్నం పెట్టిన పెద్దమ్మ లెక్కలోకి రాదు. తల్లి లేదు కాబట్టి, పోటీ లేకుండా మీరే గెలిచారు. ఫారంలో మిమ్మల్ని ‘కాంట్రిబ్యూటర్’ అంటారు. నవ్వకండి, అచ్చులో అలాగే ఉంది.

కాగితం ఫారం జత చేశాను. సంతకం చోట పచ్చకాగితం అంటించాను. తిరుగు కవరు మీద స్టాంపులు కూడా నేనే అంటించాను. నామీద సెంటు ఖర్చు పెట్టడం మీకు అలవాటు లేని పని, ఈ వయసులో ఇబ్బంది పెట్టడం దేనికని.

ఇట్లు,
మీ మీద ఆధారపడి బతుకుతున్నట్టు ప్రభుత్వం నమ్ముతున్న
టెస్సా విథరో


కోల్డ్‌స్పిట్ హార్బర్, అలాస్కా
26 సెప్టెంబరు 2024

టెస్సాకి,

ఉత్తరం అందింది. చేపల ఫ్యాక్టరీలో ఇంజన్లు విప్పి బిగించేవాణ్ణి, నన్ను మహారాజుని చేశావు. ఆ సంగతి మా ఫోర్‌మన్‌కి చెబితే జీతం పెంచుతాడేమో కనుక్కుంటాను.

ఇక్కడ వానలు. వానలు అంటే మీ దగ్గర పడే వాన కాదు, జూన్‌లో మొదలైంది ఇంకా ఆగలేదు. మొన్న ఎలుగుబంటి ఒకటి పొగగదిలోకి దూరి ఆరబెట్టిన చేపలన్నీ తినేసి, గుమ్మంలోనే పడుకుని గురకపెట్టింది. ఎవరూ ఏమీ అనలేదు. ఈ ఊళ్ళో అందరూ అంత మర్యాదస్తులు.

ఇక నీ ఫారం. నేను పెద్దగా చదువుకోలేదు గానీ కాంట్రిబ్యూటర్ అంటే చందా ఇచ్చేవాడని తెలుసు. మా నాన్న చర్చిలో చందా పళ్ళెం తిప్పేటప్పుడు ఆ మాట వాడేవాడు, పళ్ళెం నా వరసలోకి వచ్చేసరికి నేను బయట సిగరెట్టు కాలుస్తూ ఉండేవాణ్ణి. ఈ ముసలితనంలో గవర్నమెంటువాళ్ళ పళ్ళెంలో వెయ్యమంటే ఎలా? ఇవాళ సంతకం, రేపు జీతంలో కోత, ఎల్లుండి నీ అప్పు నా నెత్తిన. నేను అంత వెర్రివాణ్ణి కాదు. ఫారం వెనక్కి పంపుతున్నాను. పచ్చకాగితం బాగుంది, ఉంచుకున్నాను.

అయినా పళ్ళు తోమడం నేర్పడానికి రెండేళ్ళు పడుతుందా? నాకు మా అమ్మ ఒక్క పూటలో నేర్పింది.

ఇంకోటి. ఇకమీదట కవరు మీద విథరో అని రాయకు. ఓపల్ ఇంటిపేరు, ట్రెడ్‌వే అని రాయి. ఇక్కడ పోస్టాఫీసు చిన్నది. జనానికి వేరే కాలక్షేపం లేదు, కవర్లు చదువుతారు.

వెండెల్


గ్యారిసన్ ఫెర్రీ
9 అక్టోబరు 2024

మహారాజశ్రీ వెండెల్ విథరో గారికి,

మీరు వెర్రివారు కాదన్న సమాచారం అందింది. సాక్ష్యం మాత్రం అందలేదు.

కాంట్రిబ్యూటర్ అంటే మీరు డబ్బివ్వాలని కాదు. మీ దగ్గర ఎంత ఉందో చెప్పాలని, అంతే. అప్పు నేను తీసుకుంటే నేనే కడతాను. మీ జీతం జోలికి ఎవరూ రారు. ఇదంతా ఫారంలోనే ఉంది. చదవని కాగితానికి భయపడ్డారు, సరే. చదివి సంతకం పెట్టిన పెళ్ళి కాగితాన్ని పదేళ్ళ కిందట వదిలేసి పోవడానికి మాత్రం భయపడలేదు.

ఇంటిపేరు మార్చి రాయమన్నారు. ఏం చేశారు? బ్యాంకు దోచారా, ఎవరి పడవైనా ఎత్తుకొచ్చారా? పోలీసులకి భయపడేవాళ్ళు అడగాల్సిన కోరిక అది. నేను పళ్ళ కాలేజీలో చేరాను గానీ దొంగల ముఠాలో కాదు. అందుకే ఈసారి కవరు మీద ‘వెండెల్ విథరో కూతురు టెస్సా విథరో’ అని నల్ల మార్కరుతో, పొడుగక్షరాలతో రాశాను. చదువుకునేవాళ్ళని ప్రోత్సహించాలి కదా.

ఇక్కడి సంగతులు. ఊళ్ళో మహిళా పూలతోటల సంఘం స్కాలర్‌షిప్ పెట్టింది. ‘కష్టం నాకు నేర్పిన పాఠం’ మీద వ్యాసం రాయాలి. మీ గురించి రాశాను. రెండో బహుమతి వచ్చింది: ఒక జెరేనియం పూలకుండీ. మొదటి బహుమతి అయిదు వందల డాలర్లు, తండ్రి నిజంగానే చచ్చిపోయిన అమ్మాయికి ఇచ్చారు. న్యాయమే.

కాలేజీలో ఈ సాయాల ఆఫీసు చూసేది మిసెస్ పెటిగ్రూ. చాలా మంచి మనిషి, బల్ల మీద పిప్పరమెంట్ల సీసా ఉంటుంది. నా కథ విని, ‘‘తండ్రి వదిలేసి పోయి, ఎక్కడున్నాడో తెలియకపోతే దానికో దారి ఉందమ్మా. రుజువులు తీసుకురా, తండ్రి సంతకం లేకుండా నిన్నొక్కదాన్నే లెక్కలోకి తీసుకుంటాం’’ అంది.

నేను ఉషారుగా, ‘‘ఎక్కడున్నాడో తెలుసండీ! నిన్ననే జవాబు కూడా వచ్చింది’’ అన్నాను.

ఆవిడ కలం కింద పెట్టేసింది. ‘‘అయ్యయ్యో! దొరికాడా!’’

తండ్రి దొరికాడంటే అయ్యయ్యో అనే చోటు ఈ దేశంలో ఇదొక్కటే అయి ఉంటుంది. మీ ఒక్క ఉత్తరంతో అనాథనయ్యే అదృష్టం పోయింది. కనక ఇప్పుడు సంతకం పెట్టక తప్పదు. ఫారం మళ్ళీ పంపుతున్నాను. పచ్చకాగితాలు రెండు పెట్టాను. ఒకటి మీకు, ఒకటి ఫారానికి.

మీ టెస్సా విథరో (విథరో, విథరో)


కోల్డ్‌స్పిట్ హార్బర్
24 అక్టోబరు 2024

టెస్సాకి,

నీకు బుద్ధి ఉందా? ఆ కవరు విమానం దిగిన దగ్గర్నుంచి నా చేతికి వచ్చేదాకా ఎంతమంది చూశారో తెలుసా? పోస్టాఫీసు ఆవిడ కిటికీలోంచి కవరు పైకెత్తి పట్టుకుని, ‘‘వెండెల్, ఎవరీ టెస్సా?’’ అంది. నా వెనక వరసలో నలుగురున్నారు.

‘‘మా అన్న కూతురు’’ అన్నాను.

‘‘నీ కూతురని రాసుంది?’’

‘‘ఒహాయోలో అన్న కూతుర్ని కూడా కూతురనే అంటారు’’ అన్నాను. ఆవిడ అలాస్కా దాటి ఎక్కడికీ పోలేదు, నమ్మింది. నాకు అన్నే లేడన్న సంగతి నువ్వు మళ్ళీ మార్కరుతో రాయకు.

బ్యాంకూ దోచలేదు, పడవా ఎత్తుకు రాలేదు. నా సొంత పద్దులు కాస్త చిక్కుపడి ఉన్నాయి, అంతే. నువ్వు అడిగావు కదా అని మొన్న ఆదివారం ఫారం ముందు పెట్టుకుని కూర్చున్నాను. మూడో పేజీ దాకా నింపాను. అక్కడ పెన్సిలు విరిగింది. దీవిలో ఇంకో పెన్సిలు లేదు. నింపినంతవరకు పంపుతున్నాను, మిగతాది ఆ పిప్పరమెంట్లావిడని ఊహించుకోమను.

రెండు వందల డాలర్లు కూడా పెట్టాను. నోట్లకి చేపవాసన వస్తే కాస్త ఎండలో పెట్టు.

వ్యాసంలో నా గురించి ఏం రాశావో తెలియదు గానీ, రెండో బహుమతి తెప్పించానంటే మరీ అంత పనికిమాలినవాణ్ణి కాదన్నమాట.

వెండెల్


గ్యారిసన్ ఫెర్రీ
6 నవంబరు 2024

వెండెల్ విథరో,

గారు లేదు, మీరు లేదు. అవి దూరపువాళ్ళకి పనికొస్తాయి, కోపానికి పనికిరావు.

నీ పెన్సిలు విరగలేదు. మూడో పేజీలో ‘పెళ్ళయిందా’ అన్న ప్రశ్న ఉంది. ‘అయింది’ అన్న గడిలో గీత పెట్టి, రబ్బరుతో రుద్దేశావు. ఫారం కాగితం మందంగా ఉంటుంది. రుద్దినా పల్లం పోదు. మిసెస్ పెటిగ్రూ వేలితో తడిమి చూపించింది.

కాబట్టి నీకు భార్య ఉంది. ఆవిడకి నేనున్నట్టు తెలియదు. పదేళ్ళూ నువ్వు నన్ను మరిచిపోయావనుకున్నాను. మరిచిపోవడం కూడా కాదు, నేను అసలు పుట్టనే లేదని ఎవరితోనో చెప్పావు. మరుపుని క్షమించడానికి ఈమధ్యే సిద్ధపడుతున్నాను. ఆ శ్రమ తప్పించావు.

అన్నిటికంటే తమాషా విను. నువ్వు సంతకం పెడితే నీ భార్య సంపాదన కూడా ఫారంలో చూపాలట. అది కలిస్తే నాకొచ్చే గ్రాంటు చాలావరకు కరిగిపోతుందట. నన్ను ఎన్నడూ చూడని మనిషి నన్ను పోషిస్తున్నట్టు, మూడేళ్ళు పోషించిన మనిషి పక్కింటావిడ అయినట్టు లెక్క. మిసెస్ పెటిగ్రూ పెద్దమ్మని కూడా పిలిపించింది. ‘‘మీరు కోర్టుకి వెళ్ళి సంరక్షకురాలిగా కాగితం తీసుకుని ఉంటే ఇదంతా ఉండేది కాదు కదండీ?’’ అని అడిగింది.

పెద్దమ్మ చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, ‘‘చెల్లెలి కూతురికి అన్నం పెట్టడానికి జడ్జిగారి అనుమతి కావాలని నాకు తెలియలేదమ్మా’’ అంది.

మిసెస్ పెటిగ్రూ ఆవిడకి పిప్పరమెంటు ఇచ్చింది. పెద్దమ్మ తీసుకోలేదు.

జనవరి పదో తేదీలోగా ఫీజుకి ఏదో ఒక దారి చూపించకపోతే నా సీటు కాచుకుని ఉన్న అమ్మాయికి పోతుంది. పెద్దమ్మ తన కారు అమ్ముతానంటోంది. అమ్మితే బడికి తెల్లవారుజామున అయిదు మైళ్ళు నడవాలి, ఆవిడ మోకాళ్ళతో. ‘‘మా మరిది సంతకం కోసం కూర్చుంటే నీకు వాడి పళ్ళే కాదు, నా పళ్ళు కూడా శుభ్రం చెయ్యడానికి మిగలవు’’ అంది.

రెండు వందలు తిరిగి పంపడం లేదు. నాకు ఆత్మాభిమానం ఉంది, కానీ కాలేజీవాళ్ళు క్లాసుకి పనిముట్ల పెట్టె తెమ్మన్నారు, ఆత్మాభిమానం తెమ్మనలేదు.

టెస్సా


కోల్డ్‌స్పిట్ హార్బర్
21 నవంబరు 2024

టెస్సా,

ఆ పల్లం నేను కూడా చూశాను. పంపేముందు గోటితో చదును చేద్దామని చూశాను. కుదరలేదు.

ఆవిడ పేరు లెనోర్. మీ అమ్మతో విడాకులయ్యాక చేసుకున్నాను, పెళ్ళయి ఆరేళ్ళు. పోస్టాఫీసు ఆవిడ అని రాశానే, ఆవిడే. నీ కవర్లన్నీ ఆవిడ చేతిమీదుగానే వస్తున్నాయి. నీ నల్ల మార్కరు చూసినప్పుడు నాకెలా ఉందో ఇప్పుడు తెలిసిందా? ఇప్పుడు మనస్ఫూర్తిగా నవ్వుకో.

ఈ దీవికి వచ్చిన కొత్తలో ఆవిడ అడిగింది, పిల్లలున్నారా అని. లేరన్నాను. ఆ రోజుకి అది చిన్న అబద్ధం. ఉన్నారంటే ఎక్కడున్నారని అడుగుతుంది, ఎందుకు వదిలేశావని అడుగుతుంది, అదంతా ఎవడు చెప్తాడులే అనుకున్నాను. తరవాత ఆవిడకి పిల్లలు కావాలనిపించింది, పుట్టలేదు. ఒకసారి పడవలో వస్తూ, ‘‘మనిద్దరికీ ఎవరూ లేకపోవడంలో కూడా ఒక జత కుదిరింది’’ అంది. అప్పుడు చెప్పాల్సింది. ఇంజను చప్పుడులో వినపడనట్టు కూర్చున్నాను. చూడు, నేను బాగుచేసిన ఇంజన్లు నాకెంత సాయపడ్డాయో.

మీ అమ్మ సంగతి. బర్ల్ ఉత్తరం అందింది. కార్డు కొన్నాను. ఏం రాయాలో తెలియక ఖాళీ కార్డు సొరుగులో పెట్టాను, తరవాత ఆ సొరుగు తెరవడం మానేశాను. ఇంతకంటే చెప్పుకోదగ్గ కారణం ఉంటే బాగుండేది.

ఇప్పుడు నేను సంతకం పెడితే లెనోర్‌కి తెలుస్తుంది, నీకేమో గ్రాంటు తగ్గుతుంది. పెట్టకపోతే సీటు పోతుంది. పిరికివాడికి లెక్కలు కూడా తోడొచ్చాయి. ఒక ఉపాయం తోచింది. నేను చచ్చిపోయానని రాయించేస్తే? ఎవరికీ నష్టం లేదు, నాకైతే అలవాటైన పనే.

వెండెల్


గ్యారిసన్ ఫెర్రీ
3 డిసెంబరు 2024

నాన్నా,

చచ్చిపోవడానికి కూడా ధ్రువపత్రం కావాలి. దానికి నువ్వు నిజంగా కష్టపడాలి. నీవల్ల కాదు.

నీ ఉత్తరాలూ, నావాటి నకళ్ళూ అన్నీ తీసుకెళ్ళి మిసెస్ పెటిగ్రూ ముందు పెట్టాను. దాచిపెట్టి గ్రాంటు కొట్టెయ్యడం నాకు చేతకాదు, ఆ విద్య నీతోనే ఆగిపోయింది. ఆవిడ తలుపు వేసుకుని గంటసేపు చదివింది. ఎలుగుబంటి దగ్గర నవ్వు బయటికి వినపడింది. చివరికి తలుపు తీసి కళ్ళద్దాలు తుడుచుకుంటూ, ‘‘దీన్ని తండ్రీకూతుళ్ళ రాకపోకలని నేనైతే అనలేను. రెండు దేశాలు యుద్ధానికి ముందు ఇలాగే రాసుకుంటాయి’’ అంది.

ఒక దారి ఉందంది. హామీ కాదు, దారి. నన్ను వదిలేశానని నువ్వే ప్రమాణం చేసి, నోటరీ ముద్రతో రాసిస్తే, దానికి పెద్దమ్మ ఉత్తరమూ మా హైస్కూల్లో పిల్లల మంచిచెడ్డలు చూసే కౌన్సెలర్ ఉత్తరమూ జతచేసి నిర్ణయం తీసుకుంటానంది. ఎప్పుడు వెళ్ళావు, ఏం పంపావు, ఎన్నిసార్లు పలకరించావు, అన్నీ తేదీలతో ఉండాలి. సాకులు ఉండకూడదు. వెటకారం అసలే ఉండకూడదట. ‘‘మీ ఇద్దరిలో ఎవరికైనా అది వచ్చా?’’ అని అడిగింది. నాకు రాదని చెప్పాను. నీ సంగతి చూసి చెప్తానన్నాను.

నీ భార్యకి చెప్పమని నేను అడగడం లేదు. నోటరీ ఎక్కడైనా దొరుకుతాడు. విమానమెక్కి కెచికాన్ పట్నం వెళ్ళు, ఎవరూ ఎరగనిచోట ముద్ర వేయించుకుని రా. రహస్యాలు దాచుకోవడంలో నీకున్న అనుభవానికి ఇదొక లెక్కా?

కాగితం జనవరి పదిలోగా ఇక్కడుండాలి.

టెస్సా


కోల్డ్‌స్పిట్ హార్బర్
20 డిసెంబరు 2024

టెస్సా,

కాగితం జత చేశాను. ముందు అది చదువు, తరవాత ఇది.

‘‘నేను, వెండెల్ విథరో, ప్రమాణం చేసి చెబుతున్నది. 2014 అక్టోబరు 3న నా భార్య రొండానీ, తొమ్మిదేళ్ళ నా కూతురు టెస్సానీ ఒహాయోలో వదిలి వెళ్ళాను. నన్ను ఎవరూ వెళ్ళగొట్టలేదు. ఆ తరవాత రెండుసార్లు డబ్బు పంపాను. మూడోసారి పంపలేదు. కూతురికి ఒక్కసారి కూడా ఫోను చేయలేదు. కార్డు పంపలేదు. 2021లో రొండా చనిపోయిందని తెలిసింది. అంత్యక్రియలకు వెళ్ళలేదు. కూతురు ఎవరి దగ్గర ఉందో అడగలేదు. ఆమెను పెంచింది మా వదిన ఓపల్ ట్రెడ్‌వే. 2024 సెప్టెంబరులో కూతురే నన్ను వెతికి రాసింది. ఆమె అడిగిన సంతకాన్ని రెండుసార్లు పెట్టకుండా తిప్పి పంపాను. అలాస్కాలో నాకు పిల్లలు లేరని చెప్పుకున్నాను. ఇవన్నీ నిజం.’’

ఇంక ముద్ర సంగతి. కెచికాన్ విమానం కోసం తొమ్మిది రోజులు సంచీ సర్దుకుని రేవులో కూర్చున్నాను. గాలి. రోజూ పైలట్ ఆకాశంకేసి చూసి తల అడ్డంగా ఊపేవాడు. పదో రోజుకి లెక్క చూసుకుంటే, గాలి తగ్గి విమానం లేచిన మొదటి టపాలోనే ముద్రపడిన కాగితం వెళ్ళకపోతే నీ గడువుకి అందదు. ఈ దీవిలో ప్రమాణం చేయించి ముద్ర వేసే అధికారం ఒక్కళ్ళకే ఉంది. పోస్టాఫీసుకి.

వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చింది. కాగితం కిటికీలోంచి తోశాను. లెనోర్ కళ్ళజోడు పెట్టుకుని చదివింది. ఆవిడ ఏదైనా ఒకేసారి చదువుతుంది. దీన్ని రెండుసార్లు చదివింది.

‘‘కుడిచెయ్యి ఎత్తు’’ అంది.

ఎత్తాను.

‘‘ఇందులో రాసిందంతా నిజమేనా?’’

‘‘నిజమే.’’

‘‘ఒహాయోలో అన్న కూతుర్ని కూతురంటారా?’’

‘‘అనరు.’’

‘‘అది ఇందులో రాయలేదే.’’

‘‘చోటు చాల్లేదు.’’

ముద్ర వేసింది. సంతకం పెట్టింది. ఎప్పుడూ నా దగ్గర తీసుకోని ఫీజు అడిగి తీసుకుని, రసీదు రాసిచ్చింది. ‘‘తరవాతివాళ్ళు రండి’’ అంది.

అయిదు గంటలకి పోస్టాఫీసు మూసింది. ఇంటికెళ్ళేసరికి నా పరుపు వలలు దాచే షెడ్డులో ఉంది. అన్నం పంపింది, వేడిగానే ఉంది. మూడో రోజున షెడ్డు తలుపు దగ్గర నిలబడి ఒక్క ప్రశ్న అడిగింది: ‘‘ఆ పిల్ల పుట్టినరోజెప్పుడు?’’

మార్చి పన్నెండు అని చెప్పాను. కానీ చెప్పేముందు నేను ఆలోచించాల్సి వచ్చింది. అది ఆవిడ చూసింది. కాగితంలో రాసిన వాటన్నిటికంటే ఎక్కువగా దానికే మొహం తిప్పుకుని వెళ్ళిపోయింది.

షెడ్డు బాగానే ఉంది. కాస్త చలి. వెటకారం లేకుండా రాయగలనా అని అడిగావు. రాశాను. ఇంకోసారి రాయమనకు.

వెండెల్


గ్యారిసన్ ఫెర్రీ
4 ఫిబ్రవరి 2025

నాన్నా,

నీ కాగితం జనవరి ఏడున అందింది. మిసెస్ పెటిగ్రూ దాన్ని నిలబడి చదివింది. కమిటీలో ఇంకో ఇద్దరికి చూపించింది. ‘‘ఇన్నేళ్ళలో ఎన్నో చూశాను, పిల్లలు తండ్రుల మీద రాసినవి. తండ్రి తన మీద తాను రాసింది ఇదే’’ అంది.

మంజూరయింది. పెల్ గ్రాంటు, రాష్ట్రం గ్రాంటు, లైబ్రరీలో వారానికి పన్నెండు గంటల పని. పెద్దమ్మ కారు వాకిట్లోనే ఉంది. పనిముట్ల పెట్టె నా మంచం కింద ఉంది. నిన్న మొదటిసారి ప్లాస్టిక్ దవడ మీద కాకుండా మనిషి నోట్లో చెయ్యి పెట్టాను. ఆయన కరిచాడు. టీచరు, ‘‘పేషెంటుతో సంబంధం కుదిరింది’’ అంది.

కాబట్టి ఇంతకాలానికి నువ్వు నా చదువుకి తోడ్పడ్డావు. తండ్రిగా ఉండి చెయ్యలేనిది, తండ్రిని కానని రాసిచ్చి చేశావు. సంతోషపడాలో ఏడవాలో ఫారంలో గడి లేదు.

ఇప్పుడు అసలు విషయం. వచ్చే ఏడాది కూడా ఇదే పద్ధతి. కొత్తగా రుజువులు అక్కర్లేదట. మిసెస్ పెటిగ్రూ ఒక్క ప్రశ్న అడుగుతుంది: ‘‘పరిస్థితిలో ఏమైనా మార్పు వచ్చిందా? తండ్రితో రాకపోకలు మొదలయ్యాయా?’’ నేను అబద్ధం చెప్పను. ఆవిడకి తెలుసు. అందుకే నన్ను బయటిదాకా సాగనంపుతూ, నావైపు చూడకుండా, ‘‘ఆలోచించుకో’’ అంది.

ఆలోచించాను. నాకు తండ్రి లేనన్నాళ్ళు ప్రభుత్వం చదివిస్తుంది. తండ్రి దొరికిన మరుక్షణం ఆపేస్తుంది. అందుకని, నువ్వు నాకు రాయకు. ఫోను చెయ్యకు. పుట్టినరోజుకి కార్డు పంపకు, ఇప్పుడు తేదీ తెలిసినా సరే. 2026 మే పదహారున నా చదువు పూర్తవుతుంది. అప్పటిదాకా ఒక్క ముక్క కూడా వద్దు. నీకు బాగా చేతనైన పనే అడుగుతున్నాను. మామూలుగా నేను ఇలాంటివి అడగను.

లెనోర్ గారు నాకు ఉత్తరం రాశారు. నాలుగు పేజీలు. నీ గురించి రెండే రెండు మాటలున్నాయి, అవి కాలేజీ లైబ్రరీలో పైకి చదవదగ్గవి కావు. ఆవిడతో ఉత్తరాలు నడిస్తే ఇబ్బందా అని అడిగి కనుక్కున్నాను. వదిలేసిన తండ్రి భార్య గురించి ఏ ఫారంలోనూ ప్రశ్న లేదట. ఆవిడకి జవాబు రాస్తున్నాను. నీకు ఇదే చివరిది.

షెడ్డులో చలికి కాస్త మందపాటి దుప్పటి అడిగి తీసుకో. ఇది వెటకారం కాదు.

టెస్సా


కోల్డ్‌స్పిట్ హార్బర్
17 మే 2026

టెస్సా,

నిన్నటితో గడువు అయిపోయింది. ఇవాళ విమానం లేదు, అయినా ఇవాళే రాస్తున్నాను.

లెనోర్ పోయిన ఏడాది ఆగస్టులో నన్ను మళ్ళీ ఇంట్లోకి రానిచ్చింది. క్షమించిందని కాదు, షెడ్డు పైకప్పు కారుతోందని. నీ ఉత్తరాలు వస్తే వంటింటి బల్ల దగ్గర కూర్చుని చదువుకునేది. నాకు చదివి వినిపించేది కాదు. మధ్యలో పకపకా నవ్వేది. ఏమిటంటే, ‘‘నీకు సంబంధం లేని విషయం. కాగితం మీద నువ్వే రాసిచ్చావు, ముద్ర కూడా నేనే వేశాను’’ అనేది. ఒకసారి మాత్రం చదువుతూ చదువుతూ ఆగిపోయి, ఉత్తరం మడిచి, లేచి వెళ్ళి నా పళ్ళెంలో ఇంకో చేపముక్క వేసింది. అందులో ఏముందో ఇప్పటికీ తెలియదు. చెప్పమని అడగడం లేదు.

నీకు రాయకుండా ఉండటం నాకు బాగా చేతనైన పని అన్నావు. నేనూ అదే అనుకున్నాను. మొదటి పదేళ్ళూ ఒక్కరోజు కూడా కష్టమనిపించలేదు. ఈ పదిహేను నెలల్లో విమానం దిగిన ప్రతిసారీ కష్టమనిపించింది. రెండు మార్చి పన్నెండులు వెళ్ళాయి. రెండుసార్లూ ఇంజన్లు విప్పిన చోట మళ్ళీ బిగించలేక తిట్లు తిన్నాను. నువ్వు వద్దన్నావు కాబట్టి రాయలేదు. మాట మీద నిలబడటం ఇంత విసుగు పని అని ఎవరూ ముందు చెప్పలేదు.

జూన్ నెలాఖరుకి పోస్టాఫీసు చూసుకోవడానికి రెండు వారాలు ఒక మనిషి వస్తాడట. లెనోర్‌ని మీ ఇంటికి రమ్మన్నావట. ఓపల్ కూడా రమ్మందట, గది కూడా సర్దుతోందట. ఆ పిలుపులో నా పేరు లేదని లెనోర్ చాలా సంతోషంగా చెప్పింది.

నేను అడుగుతున్నాను. నేను కూడా రావచ్చా? హోటల్లో ఉంటాను. ఓపల్ తిడితే నిలబడి వింటాను. ఒకపూట ఉండమంటే ఒకపూటే ఉంటాను. రావద్దంటే లెనోర్‌ని విమానం ఎక్కించి వచ్చి ఇక్కడే ఉంటాను, మళ్ళీ అడగను, సాకులు చెప్పను.

అవునైనా కాదైనా లెనోర్‌కి రాసే ఉత్తరంలో చివర ఒక వాక్యంగా పంపకు. ఆవిడ నాకు చదివి వినిపించదు. నాకు విడిగా రాయి.

వెండెల్